నాలుగు సీట్లు, ఒక్క దింపు కూలి: నర్సింగ్‌లో ఏది తీసుకోవాలి?

ప్రశ్న: మాది సఖినేటిపల్లి మండలంలో గోదారొడ్డు ఊరండి. ఈ ఏడాది ఇంటర్ బైపీసీ పాసయ్యాను. నాన్న కొబ్బరి దింపు తీస్తారు. అమ్మ కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి మూడేళ్లయింది. నెలనెలా పంపుతుంది గానీ ఒక్కోసారి రెండు నెలలు ఆగిపోతుంది. తమ్ముడు పదో తరగతి. నాకు నర్సింగ్‌లో నాలుగు చోట్ల సీటు వచ్చింది. ఒకటి కాకినాడ వైపు ప్రైవేటు కాలేజీలో బీఎస్సీ నర్సింగ్, కన్వీనర్ సీటు. హాస్టల్ ఏడాదికి 65 వేలు, ఇతర ఫీజులని ఇంకో 15 వేలు అన్నారు. రెండోది భీమవరం వైపు మేనేజ్‌మెంట్ సీటు. ఏడాదికి 90 వేలు, ఇంటి నుంచి వెళ్లిరావచ్చు. మూడోది బెంగళూరు. ఏజెంటు మా ఇంటికొచ్చి హాస్టల్‌తో కలిపి ఏడాదికి లక్షా పదివేలన్నాడు, ఈ వారంలో 25 వేలు కడితే సీటు ఉంచుతానంటున్నాడు. నాలుగోది ప్రభుత్వ నర్సింగ్ స్కూల్లో మూడేళ్ల డిప్లొమా, జీఎన్‌ఎం. నాన్న ఇంటికి దగ్గరిదే మేలంటున్నారు, అమ్మ బీఎస్సీయే చెయ్యమంటోంది. ఏది తక్కువలో అవుతుందండి?

సమాధానం: కన్వీనర్ సీటు తీసుకో అమ్మా. కాకపోతే ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల చేతిలో పెట్టేలోపు రెండు పనులు చెయ్యాలి. ఆ కాలేజీ పిల్లలు డ్యూటీ చేసే ఆస్పత్రిని కళ్లారా చూసిరా. ‘ఇతర ఫీజులు’ అన్నవాటిని కాగితం మీద రాయించుకో. ఈ రెంటిలో ఏది తేడా కొట్టినా జీఎన్‌ఎంకి వెళ్లు. మిగతా రెండూ మీ ఇంటి పరిస్థితికి సరిపోవు.

ముందు లెక్క చూద్దాం. కాలేజీలు ఏడాది ఫీజు చెబుతాయి. నువ్వు లెక్కేయాల్సింది నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు చేతికొచ్చేదాకా ఇంట్లోంచి పోయే మొత్తం డబ్బు. కాకినాడ సీటుకి హాస్టల్, ఇతర ఫీజులు కలిపి ఏడాదికి 80 వేలు, నాలుగేళ్లకి 3.20 లక్షలు. యూనిఫాంలు, బూట్లు, పుస్తకాలు, రికార్డులు, బయటి ఊళ్ల పోస్టింగులకి నాలుగేళ్లలో ఇంకో 30 వేలు వేసుకో. 3.50 లక్షలు. ట్యూషన్ ఫీజు రీయింబర్స్‌మెంటులో పోతుందనే లెక్క ఇది. దాని సంగతి కిందకి వస్తుంది.

భీమవరం సీటు నాన్నగారికి చవగ్గా కనబడుతోంది, హాస్టల్ లేదు కాబట్టి. 90 వేల చొప్పున నాలుగేళ్లకి 3.60 లక్షలు. గోదావరి దాటించే పంటు, బస్సు, ఆటో కలిపి రోజుకి వంద రూపాయలనుకుంటే ఏడాదికి 240 రోజులకి 24 వేలు, నాలుగేళ్లకి 96 వేలు. పై 30 వేలు కలిపితే 4.86 లక్షలు. అంటే హాస్టల్ సీటు కంటే ఇంటి దగ్గరి సీటుకే లక్షా ముప్పైఆరు వేలు ఎక్కువ. మేనేజ్‌మెంట్ సీటుకి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు, తేడా అంతా అక్కడే ఉంది. ‘మా దగ్గర దానికీ ఇప్పిస్తాం’ అని ఆఫీసులో ఎవరన్నా అంటే ఆ మాట రాసిమ్మను. రాసివ్వరు.

అసలు ఇంటి నుంచి వెళ్లిరావడం కుదరదనేదే మా అనుమానం. నర్సింగ్‌లో తొమ్మిదింటికి క్లాసుకొచ్చి నాలుగింటికి ఇంటికెళ్లే రోజులు తక్కువ. పొద్దుటి డ్యూటీకి ఎనిమిదింటికల్లా వార్డులో ఉండాలి, అదీ రాత్రి డ్యూటీ సిస్టర్ రోగులను అప్పజెప్పేటప్పుడే. అక్కడ ఆలస్యమైతే ఏ రోగికి ఏ మందు వెళ్లిందో నీకు తెలియదు. ఎనిమిదింటికి భీమవరంలో ఉండాలంటే ఐదున్నరకి సఖినేటిపల్లి రేవులో ఉండాలి. మధ్యాహ్నం డ్యూటీ పడితే రాత్రి ఎనిమిదింటికి వదులుతారు. నర్సాపురం చేరేసరికి పంటు ఉంటుందో ఉండదో. శ్రావణ భాద్రపదాల్లో వరద తగిలి పంటు ఆపేస్తే దిండి మీదుగా చించినాడ వంతెన దాటి పాలకొల్లు చుట్టూ తిరగాలి. చివరి సెమిస్టరంతా ఇంటర్న్‌షిప్, వారానికి 48 గంటల డ్యూటీ, అందులో నైట్లూ ఉంటాయి. రెండో ఏడాదికల్లా ‘హాస్టల్‌లో చేరిపోతాను నాన్నా’ అనక తప్పదు. మొదటి నుంచీ అక్కడ హాస్టల్ అనుకుంటే, అదీ 65 వేలే అనుకుంటే, లెక్క 6.50 లక్షలకి పోతుంది. నాన్నగారికి ఈ ఒక్క అంకె చూపించు చాలు.

హాజరు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. పరీక్ష రాయాలంటే ప్రతి సబ్జెక్టులో థియరీకీ ప్రాక్టికల్‌కీ 80 శాతం ఉండాలి. డిగ్రీ చేతికి రావాలంటే ప్రాక్టికల్ హాజరు నూటికి నూరు. అంటే వరదకి ఆగిన రోజూ, డెంగీతో పడుకున్న రోజూ తర్వాత సెలవుల్లో తిరిగి డ్యూటీ చేసి పూడ్చాలి. ప్రయాణాల మీద ఆధారపడినవాళ్లకి ఈ బాకీ పేరుకుపోతుంది. పాస్ మార్కు కూడా 50 శాతం, థియరీ వేరు, ప్రాక్టికల్ వేరు (ఇంగ్లిష్‌కి 40). సప్లీలు మిగిలి కోర్సు ఒక ఆరు నెలలు జరిగిందంటే హాస్టల్‌కే ఇంకో 32,500 పోతుంది. జీతం ఆరు నెలలు ఆలస్యమవడం దానికి అదనం.

ఇక ఫీజు రీయింబర్స్‌మెంట్. కన్వీనర్ సీటు కదా, ఫీజుతో మనకి పనిలేదు అనుకోవద్దు. 2019లో ప్రభుత్వం పెట్టిన హద్దు ప్రకారం కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షలు దాటకూడదు. మీ ఇంట్లో అమ్మగారు కువైట్ నుంచి పంపే డబ్బుంది. రేషన్ కార్డులో అమ్మగారి పేరు ఎలా ఉంది, ఆదాయ ధ్రువపత్రం ఎంతకి వస్తుంది అన్నది సీటు ఖాయం చేసుకోకముందే మీ సచివాలయంలో తేల్చుకోండి. చేరాక తెలిస్తే మొదటి ఏడాది ఫీజు నెత్తిన పడుతుంది. ఆధార్‌లో పేరూ పదో తరగతి మెమోలో పేరూ అక్షరం తేడా లేకుండా ఉన్నాయా చూసుకో. బ్యాంకు ఖాతాకి ఆధార్ అనుసంధానమైందో లేదో అడుగు. స్కాలర్‌షిప్‌ల వెబ్‌సైటు జ్ఞానభూమిలో దరఖాస్తు కాలేజీయే ఎక్కిస్తుందని ఊరుకోకు. ఎక్కించాక దాని నంబరు అడిగి రాసుకో. ఏటా రెన్యువల్ ఉంటుంది, అది మరిచిపోయి ఒక ఏడాది పోగొట్టుకున్నవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఇద్దరు ముగ్గురు ఉంటారు.

ప్రభుత్వం నుంచి డబ్బు ఆలస్యమైనప్పుడు కొన్ని కాలేజీలు ‘ముందు మీరు కట్టండి, వచ్చాక తిరిగిస్తాం’ అంటాయి. సరిగ్గా హాల్ టికెట్లు ఇచ్చే వారంలో అంటాయి. అందుకని చేరేరోజే ప్రిన్సిపాల్ ఆఫీసులో సూటిగా అడుగు: రీయింబర్స్‌మెంట్ రాకపోతే హాల్ టికెట్ ఆపుతారా? జవాబు నసిగితే ఒక ఏడాది ట్యూషన్ ఫీజంత సొమ్ము అత్యవసరానికి ఉంచుకోవాల్సిన కాలేజీ అది. ఎప్పుడు కట్టాల్సి వచ్చినా ‘రీయింబర్స్‌మెంట్ వచ్చిన తర్వాత వాపసు’ అని రాసిన రసీదు లేకుండా కట్టొద్దు.

ఆ 15 వేల ‘ఇతర ఫీజుల్లో’ ఏముందో విడివిడిగా అడగాలి. యూనివర్సిటీ రిజిస్ట్రేషను, పరీక్ష ఫీజు, లైబ్రరీ, ల్యాబు, బస్సు, యూనిఫాం, స్టూడెంట్ నర్సుల సంఘం చందా, కాషన్ డిపాజిట్, ఆస్పత్రికి కట్టే క్లినికల్ ఫీజు. వీటిలో కొన్ని ఒక్కసారి కట్టేవి. అవి ఏటా అడుగుతున్నారంటే ఆ మేరకు ఎవరో అదనంగా తింటున్నట్టే. క్లినికల్ ఫీజు ప్రత్యేకంగా అడుగు, ఎందుకంటే కాలేజీలు ప్రభుత్వాస్పత్రిలో పిల్లల్ని పోస్టింగ్ వెయ్యడానికి కట్టే డబ్బు తిరిగి పిల్లల దగ్గరే రాబట్టుకుంటాయి. మానసిక వైద్యం పోస్టింగ్ ఐదు, ఆరు సెమిస్టర్లలో వస్తుంది. ఈ జిల్లాల కాలేజీలు చాలావరకు పిల్లల్ని విశాఖపట్నం ప్రభుత్వ మానసిక వైద్యశాలకి పంపుతాయి. అక్కడ బసా భోజనం ఎవరిదో ఇప్పుడే తెలియాలి. మధ్యలో మానేస్తే నాలుగేళ్ల ఫీజూ కట్టాలనే బాండు ఉందా? కోర్సయ్యాక వాళ్ల ఆస్పత్రిలోనే రెండేళ్లు చెయ్యాలనే షరతు ఉందా? ఉంటే ఆ జీతమెంతో రాసిమ్మను.

ఇన్ని ఉన్నా ఒకటి మాత్రం డబ్బుతో కొలవలేం. నర్సింగ్ కాలేజీ అంటే తరగతి గదులున్న ఆస్పత్రి. ఆ ఆస్పత్రిలో రోగులు లేకపోతే నాలుగేళ్లు బొమ్మకి ఇంజెక్షన్ చేసి బయటికొస్తావు. మొదటి ఉద్యోగంలో సిస్టర్, రోగి నరంలోకి సెలైన్ గొట్టం పెట్టడానికి, ‘క్యాన్యులా పెట్టమ్మా’ అన్నప్పుడు చెయ్యి వణుకుతుంది. అందరూ ఐఎన్‌సీ అనే భారత నర్సింగ్ కౌన్సిల్, బీఎస్సీ కాలేజీకి సొంతంగా 100 పడకల ఆస్పత్రి ఉండాలంటుంది, పడకలు సగటున 75 శాతం నిండి ఉండాలంటుంది. వార్డులో ఒక్కో విద్యార్థికి ముగ్గురు రోగులుండాలి. ఇప్పుడు లెక్కెయ్యి. 100 పడకల్లో 75 నిండితే 25 మంది విద్యార్థులకి సరిపోతుంది. ఏడాదికి 60 సీట్లున్న కాలేజీలో నాలుగేళ్లకి కలిపి 240 మంది. అందులో ఏ రోజైనా వందమంది వార్డుల్లో ఉంటే 300 మంది రోగులు కావాలి. మిగిలిన 75 మంది పిల్లల్ని ఎక్కడికి పంపుతున్నారు? కాలేజీ ఆఫీసులో నువ్వు అడగాల్సిన ప్రశ్నల్లో ఇదే పెద్దది. ‘కాకినాడ జీజీహెచ్‌కి’ అని జవాబొస్తే మంచిదే. పాత తూర్పు గోదావరి జిల్లా అంతటికీ పెద్ద దిక్కు ఆ ప్రభుత్వ సర్వజన ఆస్పత్రే, అక్కడ రోగులకి కొదవ లేదు. కానీ ఏ సెమిస్టర్లో, ఎన్ని వారాలు, ఏ వార్డుల్లో అన్నది కూడా అడుగు. ‘జీజీహెచ్ ఉంది’ అని బ్రోచర్లో వేసుకుని ఏడాదికి పదిరోజులు పంపేవాళ్లూ ఉంటారు.

నాన్నగారిని తీసుకుని వారం మధ్యలో ఒక రోజు, పొద్దున్న తొమ్మిదీ పదీ మధ్య కాలేజీ సొంత ఆస్పత్రికి వెళ్లు. ఓపీ చీటీ రాయించుకుంటే ఎవరూ ఆపరు. ఓపీ దగ్గర జనం ఉన్నారా? మగవాళ్ల మెడికల్ వార్డు గుమ్మంలోంచి చూడు. మంచాల మీద దుప్పట్లు ఇస్త్రీ మడతల్లోనే ఉన్నాయా, నలిగి సెలైన్ స్టాండు పక్కనుందా? మంచం చుట్టూ ఐదుగురు అమ్మాయిలు నిలబడి ఒక్కతే బీపీ చూస్తుంటే ఆ వార్డుకి పిల్లలు ఎక్కువ, రోగులు తక్కువ. ఒక్కో అమ్మాయి చేతిలో కేస్ షీటు ఉండి, వెనక ట్యూటరు నిలబడి రాయిస్తుంటే అది చదువు. ట్యూటర్ల సంగతి కూడా గమనించు. ఐఎన్‌సీ లెక్క ప్రకారం పదిమందికి ఒకరు. ఇన్‌స్పెక్షన్ రోజున ఈ లెక్క ప్రతి కాలేజీలోనూ సరిపోతుంది, మామూలు బుధవారం సరిపోతుందో లేదో చూడాలి.

తర్వాత హాస్టల్ గేటు దగ్గర నాలుగో ఏడాది అమ్మాయితో మాట్లాడు. మొదటి ఏడాది పిల్లలకి ఇంకా ఏమీ తెలియదు. ప్రసూతి నర్సింగ్ ఆరు, ఏడు సెమిస్టర్లలో వస్తుంది కాబట్టి అది దాటినవాళ్లే చెప్పగలరు. ‘బాగుందా అక్కా’ అని అడక్కు, బాగుందనే అంటారు. ‘నీ చేత్తో ఎన్ని కాన్పులు చేశావక్కా, ఎక్కడ?’ అని అడుగు. లాగ్ బుక్‌లో ఇన్ని కాన్పులని నింపి సంతకాలు తీసుకోవాలి. చేసినవే రాశారా, రాసినంత చేశారా అన్నది ఆ ఒక్క ప్రశ్నతో బయటపడుతుంది. కార్పొరేట్ ఆస్పత్రుల్లో డబ్బు కట్టిన రోగులు విద్యార్థిని చెయ్యి వెయ్యనివ్వరు, అక్కడ పిల్లలు చాలావరకు నిలబడి చూస్తారు. ప్రభుత్వ ఏరియా ఆస్పత్రుల్లో పని ఎక్కువ, చేతికి పనీ ఎక్కువ. భవనం పాతదని చిన్నచూపు చూడకు.

గుర్తింపు ఎలా చూడాలో అడగలేదు గానీ చెబుతాం. ఎన్‌టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం అనుబంధ కాలేజీల జాబితాలో ఆ పేరుండాలి. ఐఎన్‌సీ వెబ్‌సైట్లో రాష్ట్రాలవారీ జాబితాలో ఈ విద్యాసంవత్సరానికి, ఎన్ని సీట్లకో సహా ఉండాలి. నిరుటి జాబితా చూపిస్తే ఒప్పుకోవద్దు. పేరు ఒక్కటే చూడకు, ఊరు కూడా చూడు, ఒకే సొసైటీకి ఒకే పేరుతో రెండు మూడు కాలేజీలుంటాయి.

బెంగళూరు సంగతి. నాలుగేళ్లకి 4.40 లక్షలు, ఏడాదికి నాలుగుసార్లు రాకపోకలు మూడేసి వేలనుకున్నా 48 వేలు, పై 30 వేలు. 5.18 లక్షలు. మన రీయింబర్స్‌మెంట్ ఇక్కడి కన్వీనర్ సీటుకి ఇచ్చేది, అది అక్కడ దొరుకుతుందని లెక్కలో వేసుకోవద్దు. బెంగళూరులో మంచి కాలేజీలు లేవని కాదు, రాజీవ్ గాంధీ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం కింద చాలా ఉన్నాయి. కానీ వార్డులో రోగి కన్నడంలో మాట్లాడతాడు. నొప్పి ఎక్కడ, ఎప్పటినుంచి అని అడిగి కేసు రాయడమే మొదటి ఏడాది చదువంతా, కమ్యూనిటీ పోస్టింగ్‌లోనైతే ఇల్లిల్లూ తిరిగి మాట్లాడాలి. చదువయ్యాక కర్ణాటక కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ చేయించుకుని, అక్కడ ఎన్‌ఓసీ తీసుకుని ఇక్కడి కౌన్సిల్‌కి మార్చుకోవాలి. దానికీ ఖర్చు, నెలలు. ‘హాజరు మేం చూసుకుంటాం, పరీక్షలకొస్తే చాలు’ అని ఏజెంటు అన్నాడంటే ఇక మాట్లాడొద్దు, అలాంటి చదువుతో వచ్చిన సర్టిఫికెట్ ఏ వార్డులోనూ నిలవదు. కాలేజీ పేరున్న ఖాతాకి కాకుండా ఎవరి ఫోన్‌పే నంబరుకీ 25 వేలు వెయ్యకు. పదో తరగతి మెమో ‘వెరిఫికేషన్‌కి’ అడిగితే జిరాక్స్ ఇవ్వు.

జీఎన్‌ఎంని అమ్మగారు తక్కువగా చూస్తున్నట్టుంది. మూడేళ్లలో అయిపోతుంది, ప్రభుత్వ స్కూలు కాబట్టి ఫీజు నామమాత్రం, డ్యూటీ ప్రభుత్వాస్పత్రిలోనే, చెయ్యి బాగా తిరుగుతుంది. మన రాష్ట్రంలో స్టాఫ్ నర్సు పోస్టులకి జీఎన్‌ఎం, బీఎస్సీ ఇద్దరూ అర్హులే. తేడా ఎక్కడొస్తుందంటే, గ్రామాల్లో హెల్త్ క్లినిక్‌ల ఎంఎల్‌హెచ్‌పీ (మధ్యస్థాయి ఆరోగ్య సేవకుల) పోస్టులకి బీఎస్సీ అడుగుతారు. ఎయిమ్స్ ఆస్పత్రుల నర్సు ఉద్యోగాల పరీక్ష నార్‌సెట్‌ని బీఎస్సీ వాళ్లు నేరుగా రాయొచ్చు, జీఎన్‌ఎం వాళ్లకి 50 పడకలకి తగ్గని ఆస్పత్రిలో రెండేళ్ల అనుభవం ఉండాలి. ఎమ్మెస్సీ చెయ్యాలంటే బీఎస్సీ తప్పదు. జీఎన్‌ఎం తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చెయ్యొచ్చు, మొత్తం ఐదేళ్లు. తమ్ముడు ఇంకో మూడేళ్లలో ఇంటర్ దాటతాడు, అమ్మగారు వచ్చేస్తానంటున్నారు అనే పరిస్థితి ఉంటే, మూడేళ్లకే జీతం మొదలయ్యే దారిని పక్కన పడెయ్యడం తెలివి కాదు. అమ్మగారు ఇంకో నాలుగేళ్లు ఉండేది నిజమైతేనే బీఎస్సీ. ఈ మాట ఆవిడతో ఫోన్లో సూటిగా మాట్లాడు.

3.50 లక్షలు ఒక్కసారి కావాల్సింది కాదు, ఏడాదికి 80-90 వేలు. ఫీజు కట్టాల్సిన నెలలో అమ్మగారి డబ్బు ఆగితే నాన్నగారు ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తారు. లక్ష తెస్తే నెలకి రెండువేలు, నాలుగేళ్లకి వడ్డీయే 96 వేలు. దానికంటే చేరిన నెలలోనే బ్యాంకులో విద్యారుణం పెట్టుకోండి. నాలుగు లక్షల దాకా మార్జిన్ సొమ్ము, ఆస్తి హామీ అడక్కూడదనేది బ్యాంకుల సంఘం పథకంలోనే ఉంది. చదువు, ఆపైన ఏడాది దాకా వాయిదాలుండవు, అప్పటిదాకా సాదా వడ్డీ. మంజూరు చేయించుకుని అవసరమైన సెమిస్టర్‌కే విడుదల చేయించుకుంటే తీసుకున్నదానికే వడ్డీ పడుతుంది. సహ రుణగ్రహీతగా నాన్నగారి పేరు పెట్టండి, అమ్మగారి సంతకాలు కువైట్ నుంచి రావడం పెద్ద పని. మేనేజరు దగ్గరికి అలాట్‌మెంట్ ఆర్డరు, సంతకం ముద్ర ఉన్న ఫీజుల కాగితం, ఇంటర్ మెమో, ఆదాయ ధ్రువపత్రం తీసుకెళ్లండి. హాస్టల్ ఫీజు కూడా ఆ కాగితంలో ఉంటేనే రుణంలోకి వస్తుంది, అది విడిగా రాసిస్తే మేనేజరు పక్కన పెట్టేస్తాడు.

హాస్టల్ తప్పనిసరా అని కూడా అడిగి చూడు. కాకినాడలో ఆడపిల్లలకి ప్రభుత్వ సంక్షేమ వసతి గృహాలున్నాయి. వాటిలో చోటు దొరికి, కాలేజీ ఒప్పుకుంటే నాలుగేళ్లలో 2.60 లక్షలు మిగులుతుంది. అయితే రాత్రి ఎనిమిదిన్నరకి గేటు వేసే హాస్టల్ నైట్ డ్యూటీ పిల్లలకి కుదరదు, వార్డెన్‌ని ముందే కలవాలి.

అలాట్‌మెంట్ ఆర్డరులో రిపోర్టు చెయ్యాల్సిన చివరి తేదీ ఉంటుంది. ఆస్పత్రి చూడ్డం, సచివాలయం పని ఆ తేదీకి మూడు రోజుల ముందే ముగించు. ఒరిజినల్స్ ఇచ్చేటప్పుడు ఏమేమిచ్చావో జాబితా రాసి, ముద్ర వేయించుకుని, అన్నీ ఫోన్లో స్కాన్ చేసి పెట్టుకో. ఇంకో పని ఈ వారంలోనే మొదలుపెట్టొచ్చు. హెపటైటిస్ బి టీకా నీకు చిన్నప్పుడు పడిందో లేదో చూడు. పడకపోతే మొదటి డోసు ఇప్పుడే వేయించుకో. రెండోది నెలకి, మూడోది ఆరు నెలలకి. సూది గుచ్చుకోవడాలు మొదటి ఏడాదిలోనే జరుగుతాయి, వార్డులోకి వెళ్లేనాటికి కనీసం రెండు డోసులైనా ఒంట్లో ఉండాలి.